312 క్యాలరీల మిగులు బడ్జెట్

మా అపార్ట్‌మెంట్‌లో 302 బాబాయ్‌గారు దసరాకి స్మార్ట్ వాచీ కొన్నారు. అప్పట్నుంచి మాకు మనశ్శాంతి లేదు. ఆయనకి మాత్రం కావలసినంత ఉంది. ఇప్పుడాయన తినే ప్రతి ముద్దకీ మణికట్టు మీద అధికారిక అనుమతి ఉంది మరి.

పొద్దున ఆరింటికి గుంపుగా నడక. ఐదు కిలోమీటర్లయ్యాక వాచీ 312 క్యాలరీలని తేలుస్తుంది. జీతం పడ్డ మెసేజ్‌లా దాన్ని రెండుసార్లు చూసుకుంటారు. జీతం పడ్డాక ఎవరైనా ఏం చేస్తారు? గేటు పక్కనే టిఫిన్ బండి. "నెయ్యి కారం దోశ ఒకటి. నెయ్యి కాస్త తగలనీ." ఒక చిన్న చెంచా నెయ్యికి 45 క్యాలరీల దాకా ఉంటాయి. బండివాడి చేతిలో ఉన్నది చెంచా కాదు, గరిట. దోశ మీద ఒకటి, అంచుల చుట్టూ ఇంకొకటి, తెలిసినవారు కదా అని మరొకటి. "ఉన్నాయిగా 312" అని బాబాయ్‌గారు పక్కాయనకి మణికట్టు చూపిస్తారు. పాపం పక్కాయనకి 240 మాత్రమే వచ్చాయి. ఇడ్లీతో సరిపెట్టుకుని, బాబాయ్‌గారి దోశలో ఓ ముక్క అప్పు తీసుకుంటాడు. పల్లీ చట్నీ లెక్కలోకి రాదు, అడక్కుండానే వేశాడు కాబట్టి. టీ తాగేది కాబట్టి రాదు. నిలబడి తిన్నది అసలే రాదు.

ఇంత పకడ్బందీగా లెక్కేసినా పొట్ట తగ్గలేదు. థైరాయిడేమో చూపించుకోవాలంటున్నారు.

వారానికి రెండ్రోజులు బరువులెత్తి చూడండి బాబాయ్ అన్నాను. అది కుర్రాళ్ళ పని అట. పిన్నిగారైతే అస్సలు ముట్టుకోకూడదట, ఆడవాళ్ళు డంబెల్స్ ఎత్తితే కండలొచ్చి మగాళ్ళలా అయిపోతారట. కండలు అంత తేలిగ్గా వచ్చేవైతే, మా జిమ్‌లో నాలుగేళ్ళుగా అద్దం ముందు చెయ్యి మడిచి చూసుకుంటున్న కుర్రాడేం పాపం చేశాడు?

పిన్నిగారూ అదే జిమ్‌లో చేరారు. ట్రైనర్ ఆవిడని ట్రెడ్‌మిల్ ఎక్కించి, రాత్రి భోజనం మానేయమన్నాడు. ఆ డైట్ అమలు బాధ్యత బాబాయ్‌గారు స్వయంగా తీసుకున్నారు. మూడు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు, అందరూ తెగ మెచ్చుకున్నారు. మొన్న సత్యనారాయణ వ్రతంలో పీట మీద నుంచి లేవడానికి గోడ పట్టుకున్నారు.

దీని మీద జోకు వేయడం నా వల్ల కావట్లేదు. పోయిన ఆరు కిలోల్లో కొవ్వెంతో కండెంతో ఎవరైనా అడిగారా? తిండి కోసేసి, బరువులెత్తకుండా తగ్గితే కొవ్వుతో పాటు కండా కరిగిపోతుంది. యాభై దాటి ఎముకలు గుల్లబారే వయసులో ఉన్న మనిషికి అలా చేస్తారా? మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువు కిలోకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. పిన్నిగారు ఇప్పుడు 62 కిలోలు, అంటే 50 గ్రాముల పైమాటే. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పప్పులో ఎన్ని గ్రాములుంటాయి? గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి, కానీ కార్తీకంలో గుడ్డు గడప తొక్కదు. ఉన్న ముద్ద కూడా లాగేసుకుని దానికి డైట్ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. కండరాలకి వారానికి కనీసం రెండ్రోజులు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అందులో ఆడవాళ్ళకి మినహాయింపు ఉందని ఏ ట్రైనర్ చదివాడో నాకు చూపించాలి.

నిన్న వాళ్ళింటికి గ్యాస్ వచ్చింది. గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపి ముప్ఫై దాకా. డెలివరీ అబ్బాయి గుమ్మంలో దించేసి పోయాడు. "ఏమేవ్, జాగ్రత్తగా లోపలికి జరుపు, టైల్స్ గీసుకుపోతాయి" అన్నారు బాబాయ్‌గారు సోఫాలోంచి. పిన్నిగారు కొంగు దోపి వంగారు. సరిగ్గా అప్పుడే వాచీ వణికింది, గంట నుంచీ కూర్చునే ఉన్నారు, లేవండి అని. ఆయన దాన్ని విప్పి ఛార్జింగ్‌కి పెట్టారు.