గంట వినపడితేనే లోకల్

లోకల్, నాన్‌లోకల్ విషయంలో తెలుగువాళ్లకి పాఠం చెప్పగలవాడు ఇంకా పుట్టలేదు. ముల్కీ నిబంధనల దగ్గర్నుంచి జోన్ల దాకా, నాలుగో తరగతి ఎక్కడ, పదో తరగతి ఎక్కడ అని తవ్వి తీసి, మీసేవ క్యూలో నిలబడి, తహసీల్దారు సంతకం కోసం మూడుసార్లు తిరిగి, ఒక మనిషి ఎక్కడివాడో కాగితం మీద తేల్చడంలో మనకి వందేళ్ల అనుభవం ఉంది. అలాంటి జాతిలో పుట్టిన నేను తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో కాపురం పెట్టాక, ఇక్కడివాళ్లకి కూడా ఒక నేటివిటీ పరీక్ష ఉందని విన్నాను. దానికి బోనఫైడ్లు అక్కర్లేదు, రేషన్ కార్డు జిరాక్సు అక్కర్లేదు. మీరు పుట్టిన చోటికి ఫలానా చర్చి గంటల మోత వినపడాలి. వినపడితే మీరు కాక్నీ, అంటే అసలు సిసలు లండన్‌వాడు. లేకపోతే ఎన్నేళ్లున్నా అద్దెకున్నవాళ్లే. ఇంత చౌకైన పద్ధతి మన రెవెన్యూ శాఖకి తట్టనందుకు చింతిస్తూ, ఆ పరీక్షనీ, దాని పేరు మీద ఏటా జరిగే వేడుకల్నీ తనిఖీ చేసి ఈ నివేదిక సమర్పించుకుంటున్నాను.

సదరు గంటలు సెయింట్ మేరీ లె బో అనే చర్చివి. అది సిటీ నడిబొడ్డున, చీప్‌సైడ్ వీధిలో ఉంది. బో అనే పేటలో లేదు. అభ్యర్థులు మొదటి మార్కు ఇక్కడే పోగొట్టుకుంటారు. నా రూమ్మేట్ ఒకడు ట్యూబ్ ఎక్కి బో రోడ్డులో దిగి, గంట కోసం గంటసేపు వెతికి, చివరికి సమోసా తిని వచ్చాడు.

ఈ నిర్వచనం 1617 నాటికే నిఘంటువుకెక్కింది. ఎక్కించిన పండితుడు జాన్ మిన్షూ ఒక కథ కూడా చెప్పాడు. లండన్ పిల్లాడొకడు తండ్రితో పల్లెకి వెళ్లి గుర్రం సకిలింపు విన్నాడట. కాసేపటికి కోడి కూసింది. ‘నాన్నా, కోడి కూడా సకిలిస్తుందా?’ అన్నాడట. కోడికి కాక్, సకిలింపుకి నే, కలిపితే కాక్నీ. మన పండితులు కూడా ఊళ్ల పేర్లకి ఇలాంటి వ్యుత్పత్తులు చెప్పి సన్మానాలు పొందారు కాబట్టి ఆయన్ని ఏమీ అనను. భాషావేత్తలు చెప్పే మూలం ఇంకా అవమానంగా ఉంటుంది. కోడిపుంజు పెట్టిన గుడ్డు అని దాని అర్థం. వంకర టింకరగా పుట్టిన గుడ్డన్నమాట. తర్వాత అది గారాబంతో చెడిపోయిన పిల్లాడికి పేరైంది. ఆ తర్వాత ఒళ్లొంగని పట్నంవాడిదైంది. తిట్టుగా పుట్టిన మాట ఇప్పుడు ఉత్సవ కరపత్రాల మీద అచ్చవుతోంది.

ఇక సాంకేతిక లోపాలు. 1941 మేలో జర్మన్ బాంబులు పడి ఆ చర్చి కాలిపోయింది, గంటలు నేలకూలాయి. కొత్త గంటలు మోగింది 1961లో. మధ్యలో ఇరవై ఏళ్లపాటు తూర్పు లండన్ తల్లులు నిబంధనల్ని ఖాతరు చేయకుండా పిల్లల్ని కంటూనే ఉన్నారు. వాళ్లందరి దరఖాస్తులూ తిరస్కరించాల్సిందే. పోనీ ఇప్పుడు గంటలున్నాయి కదా అంటే, ట్రాఫిక్ హోరులో నాలుగు వీధులు దాటితే వినపడవు. వినపడే మేరంతా బ్యాంకులు, లాయర్ల ఆఫీసులు, కాఫీ షాపులు. అక్కడ ప్రసవం జరగాలంటే ఎవరైనా నిండు గర్భిణి ఇన్సూరెన్స్ ఆఫీసు లిఫ్టులో ఇరుక్కోవాలి. నోటిఫికేషన్ ఉంది, సీట్లున్నాయి, అభ్యర్థే లేడు. ఉత్సవాలకి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఉండదు. లబ్ధిదారులు లేని పథకంలో అవకతవకలు ఎక్కణ్నుంచి వస్తాయి?

ఉత్సవం మార్చి 3న మొదలై నెల రోజులు సాగుతుంది. ఆ తేదీ ఎందుకంటే, అది మూడో నెల మూడో రోజు. కాక్నీ నోట ‘థ’ పలకదు, ‘ఫ’ అవుతుంది. కాబట్టి ‘థర్డ్ ఆఫ్ ద థర్డ్’ అనబోయి ‘ఫర్డ్ ఆఫ్ ద ఫర్డ్’ అంటారు. ఒక జాతి తన ఉచ్చారణ దోషాన్నే పంచాంగంగా మార్చుకోవడం నేనెక్కడా చూడలేదు. పదం మొదట్లో ‘హ’ని మింగేయడం వాళ్ల రెండో నేరం. ఇందులో మాత్రం మనల్ని వేలెత్తి చూపే అర్హత వాళ్లకి లేదు. హాస్పిటల్‌ని ఆస్పత్రి చేసినప్పుడే మనం సగం కాక్నీలమైపోయాం. మిగతా సగం ‘ఓటల్లో టిఫిన్’ అన్నప్పుడు పూర్తయింది.

1909లో లండన్ బడుల్లో ఇంగ్లిష్ బోధన మీద జరిగిన అధికారిక సమావేశం ఈ యాస గురించి తేల్చి చెప్పేసింది. ఇది ఏ వంశమూ లేని చెడిన మాట, సామ్రాజ్య రాజధానిలో ఏ మనిషి నోటికీ తగదు అని దాని సారం. దాదాపు అదే కాలంలో మనదగ్గర గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం గ్రాంథిక పండితులతో కుస్తీ పడుతున్నారు. ఆయన పుట్టినరోజునాడు మనం ఇప్పుడు భాషా దినోత్సవం చేసి, ఆహ్వానపత్రిక గ్రాంథికంలో అచ్చువేస్తాం. లండన్ కూడా తక్కువ తినలేదు. తూర్పు పేటల్ని ఏలే టవర్ హామ్లెట్స్ కౌన్సిల్ ఈమధ్య అదే యాసని కమ్యూనిటీ భాషగా గుర్తించింది. బెత్తంతో కొట్టినవాళ్లే శాలువా కప్పుతారు. నడుమ వందేళ్లు ఆగాలి, అంతే.

భాష సంగతి ఎత్తాను కాబట్టి ప్రాస గురించి నాలుగు ముక్కలు. రెండో అక్షరం కలవకపోతే పద్యమే కాదన్న జాతి మనది. వీళ్లది అంత్యప్రాస, పైగా దొంగ ప్రాస. మెట్లని ‘స్టెయిర్స్’ అనరు, దానికి ప్రాస కలిపి ‘ఆపిల్స్ అండ్ పేర్స్’ అంటారు. తర్వాత అసలు ప్రాస కలిసే మాటని మింగేసి ఉత్త ‘ఆపిల్స్’ అంటారు. కొత్తగా వచ్చినవాడు పండ్ల బండి కోసం వెతుక్కుంటాడు. మనవాళ్లకి అర్థం కావాలంటే పెళ్లాం అనే మాట తీసుకోండి. దానికి ప్రాస బెల్లం. జంటగా అల్లం బెల్లం. ఇప్పుడు బెల్లాన్ని తీసేయండి. ‘మా అల్లం పుట్టింటికెళ్లింది’ అని ఇంటి ఓనరు ముందు ఎంత ధైర్యంగానైనా చెప్పుకోవచ్చు. కూరకి కూడా మాటుంది, రూబీ. 1950ల్లో వెలిగిన రూబీ మర్రే అనే గాయని పేరుకి ‘కర్రీ’ ప్రాస కలిసింది. ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన ఆవిడ పాటలు పాడి సంపాదించిన కీర్తిలో మిగిలింది మన మసాలా వాసన. వీధి బండ్ల మీద అమ్ముకునేవాళ్లకి ఇంకో కిటుకు కూడా ఉండేది, మాటని తిరగేసి పలకడం. ‘బాయ్’ని తిరగేస్తే వచ్చిన ‘యాబ్’ ఈనాటికీ ఇంగ్లిష్‌లో రౌడీ కుర్రాడికి తిట్టు. పోలీసుకి అర్థం కాకూడదని మొదలైంది, పోలీసే వాడుతున్నాడు.

ఇక రాజులు. వీళ్లని పెర్లీ రాజులు, రాణులు అంటారు. వంశ పారంపర్యం, పేటకో రాజు. మూలపురుషుడు హెన్రీ క్రాఫ్ట్, 1861లో పుట్టాడు, అనాథాశ్రమంలో పెరిగాడు, వీధులు ఊడ్చే ఉద్యోగం. తోపుడు బండ్ల మీద కూరగాయలూ పండ్లూ అమ్మేవాళ్లు ప్యాంటు అంచుల వెంట ముత్యపు చిప్ప గుండీలు కుట్టుకునేవాళ్లు. క్రాఫ్ట్ అది చూసి, అంచుతో ఆగలేదు. సూటంతా, టోపీతో సహా గుండీలతో కప్పేసి, జనం గుమిగూడితే డబ్బా పట్టుకుని ఆస్పత్రులకీ అనాథలకీ చందాలు పోగుచేశాడు. పూర్తి స్థాయి రాజసూట్‌లో 30,000 దాకా గుండీలుంటాయి, 30 కిలోల బరువు. మా ఊరి సంస్థానాధీశులు మోసినదాన్ని ఇంతవరకూ ఎవరూ తూకం వెయ్యలేదు గానీ, వాళ్ల బరువంతా జనమే మోశారని మాత్రం తెలుసు. చీపురు పట్టి, ఒళ్లు వంచి, చందా తీసి పంచిపెట్టిన రాజుని చరిత్ర పుస్తకాల్లో చూడలేదు కాబట్టి కొంచెంసేపు నోట మాట రాలేదు. 1930లో పోయాడు. ఆయన విగ్రహం ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన సెయింట్ మార్టిన్ చర్చి నేలమాళిగలో ఉంది. చూడాలంటే మెట్లు దిగాలి. అంటే, ఆపిల్స్.

సెప్టెంబర్ చివర్లో సిటీ పాలక భవనమైన గిల్డ్‌హాల్ ముంగిట్లో వీళ్ల పంటల పండగ. గాడిద బండ్లు, కూరగాయల బుట్టలు, బ్యాండ్ మేళం, అక్కణ్నుంచి ఊరేగింపుగా గంటల చర్చికి. పొలమన్నది లేని రాజులు పంటల పండగ చేయడం మీద నాకు అభ్యంతరం లేదు, మన హైదరాబాద్ అపార్టుమెంట్లలో భోగిమంటలు చూసినవాణ్ని. నన్ను తాకింది ఇంకోటి. ఒకప్పుడు ఇదే నగరంలో తోపుడు బండి ఒక చోట ఆగితే ‘కదులు, కదులు’ అని పోలీసు లాఠీ ఊపేవాడు. ఇప్పుడు అదే పోలీసు వాళ్ల గాడిద కోసం ట్రాఫిక్ ఆపుతున్నాడు. కూరగాయలు అమ్మకపోతే చాలు, బండి ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఇంకో రాజుల సంఘం ఇదే పండగని వేరే ఆదివారం, వేరే చర్చిలో చేస్తుంది. ఎందుకు విడిపోయారని అడగలేదు. విదేశాల్లో తెలుగు సంఘాలు పెట్టిన జాతివాణ్ని, అడిగితే ఏం బాగుంటుంది.

భోజన విభాగం తనిఖీలో చేదు అనుభవం ఎదురైంది. టవర్ బ్రిడ్జి రోడ్డులో 1902 నుంచి నడుస్తున్న మాంజీ వాళ్ల పై అండ్ మాష్ దుకాణానికి వెళ్లాం. మాంసం పెట్టి కాల్చిన పై, పక్కన మెత్తగా నలిపిన ఆలుగడ్డ, దాని మీద ‘లిక్కర్’. మెనూలో ఆ మాట చూడగానే నా రూమ్మేట్ రెండు ప్లేట్లు చెప్పాడు. వచ్చింది పచ్చటి జావ. పార్స్లీ ఆకుతో చేసిన సాసు, ఒకప్పుడు పాముచేపలు ఉడికించిన నీళ్లతో చేసేవాళ్లు. బెల్టు షాపు చూసి పెరిగిన కుర్రాడు, గోంగూర కూడా కాని ఆ ఆకు రసం ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఇంతా చేసి, కాక్నీ వంటకి పీఠాధిపతులైన ఈ మాంజీ వాళ్లు ఇటలీలోని రావెల్లో నుంచి వచ్చినవాళ్లు. పక్కా లోకల్. ఆ ‘పక్కా’ కూడా వీళ్ల నోట రోజూ వినపడే మాటే, మన దేశం నుంచి సిపాయిల వెంట ఓడెక్కి వచ్చింది. బ్రిక్ లేన్‌లో 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు కట్టుకున్న ప్రార్థనామందిరం ఉంది. అదే గోడల మధ్య 1898 నుంచి యూదుల ప్రార్థనలు, 1976 నుంచి నమాజు. ఏ జోనులో వెయ్యాలో చెప్పండి దాన్ని.

ఇప్పుడు అసలు అంశం: లబ్ధిదారులు ఎక్కడ? రెండు యుద్ధాల మధ్య డాగెన్‌హామ్ వైపు బెకంట్రీలో పాతిక వేలకు పైగా ఇళ్లు కట్టి కొందరిని పంపారు. యుద్ధం తర్వాత హార్లో, బాసిల్డన్ అని కొత్త పట్టణాలు కట్టి ఇంకొందరిని పంపారు. కంటైనర్లు వచ్చాక రేవులు మూతపడ్డాయి, 1981లో చివరివి. మిగిలినవాళ్లని అద్దె పంపింది. యాస వినాలంటే ఇప్పుడు ఎసెక్స్ రైలెక్కాలి. బో పేటలో (ఈసారి నిజంగా బోలోనే) అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి తెల్ల భాస్వరం ఆడపిల్లల దవడ ఎముకల్ని కుళ్లబెట్టేది. 1888లో 1,400 మంది ఆడవాళ్లు పని ఆపి బయటికొచ్చి గెలిచారు. వాళ్ల గురించి పత్రికలో రాసి అగ్గి రాజేసింది అనీ బిసెంట్. అవును, మదనపల్లె కాలేజీ బిసెంట్‌గారే. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు గేటూ, కాపలా ఉన్న ఫ్లాట్ల సముదాయం. 2022లో సమ్మె జ్ఞాపకంగా నీలి ఫలకం పెట్టారు. వరుస గమనించండి, పరిపాలనా దక్షత ఇక్కడే ఉంది. ముందు మనుషుల్ని ఖాళీ చేయించాలి, తర్వాత ఫలకం బిగించాలి. తిరగేసి చేస్తే, సమ్మె చేసినవాళ్ల మనవరాళ్లు ఫలకం కిందే నిలబడి అద్దెలెంతని అడిగే ప్రమాదముంది.

నివేదిక ఇక్కడితో ముగిద్దామనుకున్నాను. కానీ నిబంధనల్లో ఒక సందు దొరికింది. బో గంటల మోతని 1926లోనే రికార్డు చేసి పెట్టారు. యుద్ధకాలంలో బీబీసీ దాన్ని తన విదేశీ ప్రసారాల మధ్య వేసేది. అంటే లండన్‌లో గంటలు బూడిదైన ఆ ఇరవై ఏళ్లలోనూ అవి ప్రపంచమంతా మోగుతూనే ఉన్నాయి. పుట్టిన చోటికి గంట వినపడాలని రూలుంది గానీ, తాడు లాగి కొట్టిందే వినపడాలని లేదు. మా పెద్ద మామయ్య 1944లో తెనాలిలో పుట్టాడు. తాతయ్య యుద్ధవార్తల పిచ్చితో రేడియోకి చెవి అతికించుకుని కూర్చునేవాడట. పురిటి గదికీ రేడియోకీ మధ్య ఒక తడికే అడ్డం. వెంటనే ఫోన్ చేశాను.

“మామయ్యా, మీరు కాక్నీ.”

“ఒరేయ్, అదే కులం? బీసీ-బీనా, బీసీ-డీనా?”

“కులం కాదు మామయ్యా, స్థానికత. లండన్ లోకల్ మీరు. ఇక్కడివాళ్లకే లేదు.”

అవతల కాసేపు దగ్గు, ఎవరినో కేకేసిన చప్పుడు.

“మన బుజ్జిదాని కౌన్సెలింగ్ వచ్చే వారం. అందులో పెడితే చెల్లుతుందా?”

“చెల్లదు మామయ్యా.”

“మరి సర్టిఫికెట్ ఎవరిస్తార్రా?”

“ఎవరూ ఇవ్వరు.”

“పెట్టెయ్ ఫోను,” అన్నాడు.