ఏరు దాటిన బాణాలు

ముందుగా అందరికీ అభినందనలు. ఫ్రిస్కో మొదలు ఎడిసన్ దాకా, తెలుగువాళ్లు నాలుగిళ్లకొకరున్న ఊళ్లలో ఏ స్కౌట్ ట్రూపు చూసినా తెల్ల సాష్‌లే. భుజం మీంచి నడుము దాకా తెల్ల పట్టీ, దాని మీద ఎర్ర బాణం. ఆర్డర్ ఆఫ్ ది ఏరో! అంటే అమెరికా స్కౌట్లలో మంచి క్యాంపర్ల ఆనర్ సొసైటీ. ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో మోగిపోతున్నాయి. ఒక్కటే చిన్న లోటు. ఫొటో దిగిన మర్నాటి నుంచి ఆ సాష్‌లో ఉండాల్సిన పిల్లవాడు మాత్రం ఎవరికీ కనపడటం లేదు.

అమెరికా స్కౌటర్లు దీనికి ‘సాష్ అండ్ డాష్’ అని, అంటే పట్టీ తగిలించుకుని పరార్ అని, పేరు పెట్టుకున్నారు. మనకంత శ్రమ అక్కర్లేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ సొసైటీ పుట్టింది కూడా ఏటి నడుమే. 1915 జూలై 16న, డెలావేర్ నదిలో ట్రెజర్ ఐలండ్ అనే లంకలో, ఫిలడెల్ఫియా స్కౌట్ల వేసవి క్యాంపులో అర్నర్ గుడ్‌మన్, కారల్ ఎడ్సన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. మంచి క్యాంపరుని తోటివాళ్లే గుర్తించాలి, అలా గుర్తింపు పొందినవాడు తిరిగొచ్చి తన ట్రూపుకే ఇంకా ఎక్కువ పనికిరావాలి, ఇదీ వాళ్ల ఆలోచన. అమాయకులు. పడవెక్కి అవతలి ఒడ్డుకి వెళ్లినవాడు వెనక్కి వస్తాడనుకున్నారు.

తల్లిదండ్రుల చెవిలో పడింది మాత్రం ‘ఆనర్ సొసైటీ’ అన్న రెండు మాటలే. స్కూల్లో బాగా చదివేవాళ్లకుండే నేషనల్ ఆనర్ సొసైటీ వేరు, ఇది వేరు అని చెప్పబోతే వినే ఓపిక ఎవరికుంది? కాలేజీ సీటుకి పెట్టే కామన్ యాప్ దరఖాస్తులో యాక్టివిటీలకి పది గళ్లు, ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలు. తొమ్మిది గళ్లు నిండాయి, పదోది ఖాళీ. దేవుడు బాణం పంపాడు.

ఇక అర్హత. స్కౌట్ ర్యాంకుల్లో ఫస్ట్ క్లాస్ అనేది వచ్చి ఉండాలి. రెండేళ్లలో పదిహేను రాత్రుల క్యాంపింగ్ అన్నది ట్రూపులు ఏళ్ల తరబడి వేస్తున్న లెక్క. అందులో ఒకటి కనీసం ఐదు రాత్రుల వేసవి క్యాంపు కావాలి, మిగతావి వారాంతాల్లో ఒకటీ రెండుగా పోగుచేసుకోవాలి. ఈ ‘రాత్రి’ అన్న పదానికి మనవాళ్లు చెప్పే భాష్యం వ్యాకర్తలు చూడాల్సింది. శనివారం సాయంత్రం ఆరింటికి దింపి, తొమ్మిదిన్నరకి, “రేపొద్దున శాట్ క్లాసుందండీ,” అని కారెక్కించుకుపోతే అదొక రాత్రి. చీకటి పడింది కదా!

తరువాత ఎన్నిక. లాడ్జ్ నుంచి ఒక బృందం వచ్చి జరుపుతుంది. (లాడ్జ్ అంటే బస్టాండు ఎదుట గంటల లెక్కన గదులిచ్చేది కాదు, ఆ ప్రాంతపు స్కౌట్ కౌన్సిల్ పరిధిలో ఉన్న ఏరో శాఖ.) ట్రూపులో చురుగ్గా ఉన్నవాళ్లు నలభై మందైతే కనీసం ఇరవై మంది హాజరు కావాలి. ముప్ఫై ఓటు కాగితాలు వస్తే పదిహేను వచ్చినవాడు నెగ్గినట్టు. అర్హులందరికీ ఓటు వేయొచ్చు, అక్కర్లేదనుకుంటే కొందరికే వేయొచ్చు. ఓటేసేవాళ్లలో చాలామంది ఈ సొసైటీ సభ్యులు కానే కారు. దీని గొప్పదనమంతా అక్కడే ఉంది. ప్రచారం నిషేధం. కానీ ఎన్నిక అన్న మాట వింటే మన రక్తం ఊరుకోదు. “మీ బాబుని మావాడికో టిక్ పెట్టమనండి, మావాడు మీవాడికి పెడతాడు,” అని మెసేజ్ వెళ్తుంది. పిల్లల ఓటుకి పెద్దల పొత్తు!

పెద్దలు తమకీ ఓ సాష్ దొరుకుతుందా అని ఆరా తీస్తారు. పెద్దవాళ్లని ఎన్నుకోరు, ట్రూపు కమిటీ పేరు పంపాలి. అది గౌరవం కోసం కాదు, పని కోసం. ఈ చివరి మాటతో సగంమంది ఆసక్తి తగ్గిపోతుంది.

నెగ్గినవాళ్లని సొసైటీలో చేర్చుకునే ఆర్డీల్ అనే వారాంతం ఇంకో ఘట్టం. మొదటి రాత్రి ఒక్కడే చెట్ల కింద పడుకోవాలి, మర్నాడంతా మాట్లాడకుండా, కొద్దిపాటి తిండితో క్యాంపులో ఒళ్లు వంచి పని చేయాలి. దారుల్లో కొమ్మలు కొట్టాలి, కట్టెలు మోయాలి, టెంట్ దిమ్మెలు ఎత్తాలి. నీళ్లు ఎన్నైనా తాగొచ్చు. మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి, హెల్త్ ఫారం ఎ, బి భాగాలు నింపి తేవాలి. కొత్త బూట్లతో వస్తే మధ్యాహ్నానికి మడమలు బొబ్బలెక్కుతాయి. చేతి గ్లవ్స్ మరిచిపోతే అరచేతులూ అంతే. ఇవేవీ అమ్మకి పట్టవు. “అన్నం పెట్టరట!” ఏకాదశికి తాను ఉపవాసముండే తల్లే, స్లీపింగ్ బ్యాగు అడుగున జంతికల పొట్లం కుక్కుతుంది. నిశ్శబ్దంగా ఉండాల్సిన అడవిలో అర్ధరాత్రి కరకర!

ఆ తర్వాత ఆర్నెల్లకి బ్రదర్‌హుడ్ అనే పైమెట్టు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మనకే సామెత ఉంది కదా, ఇక్కడ బాణం రెండు కొసలా రెండు ఎర్ర గీతలు వస్తాయి. కానీ సావాసమేదీ? మనవాళ్ల సాష్‌ల మీద గీతలు కనపడితే చెప్పండి. ఇంకా పైన విజిల్ ఆనర్ ఉంది. అది ఊదేది కాదు, రాత్రంతా మేలుకునేది. దాని సంగతి మనకి అనవసరం.

సాష్ మళ్లీ వెలుగు చూసేది ఈగిల్ కోర్ట్ ఆఫ్ ఆనర్ నాడు, అంటే స్కౌట్లలో అన్నిటికన్నా పై ర్యాంకైన ఈగిల్ ఇచ్చే సభ నాడు. హాలు, స్లైడ్ షో, పాతికమందికి ఒకటి చొప్పున బిర్యానీ ట్రేలు. విజయవాడ నుంచి వచ్చిన తాతగారు మనవణ్ణి చూసి ఉలిక్కిపడతారు. పట్టీ కుడి భుజం మీద ఉంది. “శుభమా అని ఫంక్షన్ చేసుకుంటూ ఈ అపసవ్యమేమిట్రా? ఎవరికి తద్దినం? సవ్యం చెయ్యి!” అని ఎడమకి మారుస్తారు. స్కౌట్‌మాస్టర్ పరుగున వచ్చి కుడికి మారుస్తాడు. తాతగారు మళ్లీ ఎడమకి. అమ్మ రాజీ కుదురుస్తుంది: ఇది కుడికి, మెరిట్ బ్యాడ్జీల సాష్ ఎడమకి. ఇప్పుడు పిల్లవాడు సీటు బెల్టులు రెండు పెట్టుకున్న పైలట్‌లా ఉన్నాడు. ఒకసారికి ఒక సాషే అంటాడు స్కౌట్‌మాస్టర్. అయితే రెండోది బెల్టుకి వేలాడదీద్దాం అంటాడు బాబాయి. అదీ కూడదు. ఈ లాగులాటలో పట్టీ తిరగబడి, భుజం వైపు చూడాల్సిన బాణం నేలని గురిపెట్టింది. చివరికి అందరూ పిల్లవాణ్ణే అడిగారు, బాణం ఎటుండాలిరా అని. వాడికీ తెలీదు. ఆర్డీల్ నాడు ఎవరో వేస్తే వేసుకున్నాడు, ఆపైన చూస్తే కదా! 2019 నుంచి ఆడపిల్లలకీ ప్రవేశముంది కాబట్టి ఈ మాయమవడంలో సమానత్వం కూడా సాధించాం.

నవ్వు చాలు. ఆ ఓటు ఎవరు వేశారో ఒక్కసారైనా ఆలోచించారా? పదకొండేళ్లవాడు, వాడికది రెండో క్యాంపు. టెంట్ కింద పరిచిన పట్టా అంచులు బయటికి వదిలేశాడు. వాన పడితే ఆ అంచు మీద చేరిన నీరంతా టెంట్ అడుక్కే పోతుందని వాడికెవరూ చెప్పలేదు. తాడుకి టాట్‌లైన్ ముడి వేయడం రాక ఏదో ముడి వేశాడు, అది జారింది. రాత్రి రెండింటికి తడిసి ఏడుస్తూ కూర్చుంటే, ఒక పెద్దకుర్రాడు హెడ్‌ల్యాంప్ పెట్టుకుని వచ్చి, పట్టా లోపలికి మడిచి, ముడి సరిగా వేసి, తన పొడి సాక్సులిచ్చి పోయాడు. అది గుర్తుపెట్టుకుని వాడు ఆ పేరు మీద టిక్ పెట్టాడు. మీరు ఆ టిక్కుని తీసుకెళ్లి 150 అక్షరాలకి అమ్ముకున్నారు. తర్వాతి క్యాంపులో వాన పడితే ఆ ట్రూపులో ముడి వేయడం వచ్చినవాడు లేడు. ఆ పెద్దకుర్రాడు రానన్నాడా? లేదు, వస్తానన్నాడు. మీరు పంపలేదు. శనివారాలన్నీ మీరు కొనేసుకున్నారు. సిగ్గుండాలి.

సరే, ఫంక్షన్ ముగిసింది. రెండు ట్రేల బిర్యానీ మిగిలింది, ఎవరింటికి పంపాలన్న చర్చ సాగుతోంది. సాష్ తిరిగి షేర్వానీ పక్కన హ్యాంగరెక్కింది. వచ్చే ఆర్డీల్‌లో కొత్తపిల్లల వెంట ఉండి, వాళ్లతోపాటు పస్తుండి, వాళ్లతోపాటు కట్టెలు మోయడానికి ఎలంగోమాట్‌లు కావాలని లాడ్జ్ పంపిన ఈమెయిల్ నాన్నగారి ఇన్‌బాక్సులో, ప్రమోషన్స్ ట్యాబులో, పరుపుల డిస్కౌంట్ ప్రకటన కింద పడుంది.