‘ఒక్క నిమిషం’ గారికి ఓ గుమాస్తా రాయునది

అయ్యా ఒక్క నిమిషం గారూ,

విజయనగరంలో మీరు అడుగుపెట్టని ఆఫీసు లేదు. గంటస్తంభం దగ్గర మా ట్యాక్స్ కన్సల్టెంటు ఆఫీసుకైతే పొద్దున్న షట్టరు ఎత్తగానే వేంచేస్తారు, దించేదాకా ఉంటారు. ఒంటరిగా వచ్చే అలవాటు మీకు లేదు. “ఏటి బావూ, పన్లో ఉన్నావేటి? ఒక్క నిమిషం” అంటూ ఎవరో ఒకరి నోట్లో కూర్చుని వస్తారు. పన్లో ఉన్నానని కనిపిస్తూనే ఉంది కదా! కుర్చీ లాక్కున్నాక తెలుస్తుంది, సంగతి భోగాపురం ఎయిర్‌పోర్టు సైడు సెంటు రేటు అని. అందులోంచి వాళ్ల తోడల్లుడు కొనకుండా వదిలేసిన స్థలం, అక్కణ్ణుంచి తోడల్లుడి షుగరు, అక్కణ్ణుంచి నా షుగరు. వెళ్తూ వెళ్తూ “నీ పని పాడు చేసినట్టున్నాను” అని నొచ్చుకుని, గుమ్మం దగ్గర ఇంకో ఒక్క నిమిషం ఆగుతారు.

ఇంతా అయ్యాక స్క్రీన్ వైపు తిరిగితే జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీద ముందే కట్టిన పన్ను) లెక్క ఏ బిల్లు దగ్గర ఆగిందో దేవుడికే తెలియాలి. కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ అనే ప్రొఫెసరమ్మ ఆఫీసు ఉద్యోగుల వెంటే ఉండి నిమిషాలు లెక్కగట్టారు. చెదిరిన పనికి మళ్లీ రావడానికి సగటున 23 నిమిషాల పైనే పడుతోందట, మధ్యలో మనిషి మరో రెండు పనులు చుట్టొస్తాడట. అంటే మీ అసలు ఒక నిమిషం, వడ్డీ 23. జీఎస్టీ కట్టే నెలవారీ 3బీ రిటర్ను ఆలస్యమైతే సర్కారు తీసుకునేది ఏడాదికి 18 శాతం వడ్డీ, రోజుకి 50 రూపాయల లేటు ఫీజు. మీ ముందు వాళ్లు ధర్మాత్ములు.

సలహాలకేం కొదవలేదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టు, నోటిఫికేషన్లు ఆపు, పొద్దున్నే ధ్యానం చెయ్యి. సరే, ఫోన్ సొరుగులో పడేశాను. మిమ్మల్ని ఏ సొరుగులో పెట్టను? ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో టమాటా ఆకారం టైమరు ముందేసుకుని చదువుకున్నాడు, అదే 25 నిమిషాలు ఒకే పని, ఆపై చిన్న విరామం అనే పద్ధతై ప్రపంచమంతా పాకింది. ఆ టమాటా నా బల్ల మీద పెడితే, కిలో ఎంతకి తెచ్చావని అడగడానికే ముగ్గురొస్తారు. పోనీ “తర్వాత రండి” అందామా, సాయంత్రానికల్లా “ఆడికి పొగరెక్కిపోనాది” అని వీధి వీధంతా చెప్పుకుంటుంది. ఫోన్ ఆపేస్తే మెచ్చుకునే జనమే ఇది.

ఏకాగ్రత అంటే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు చూడాలి. చింతమాను కొసన పూజారి గారు, కింద లక్షల జనం, రివ్వుమని మీదకొచ్చే అరటిపళ్లు. అయినా చెదరకుండా గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతారు. ఆయన్ని “బావూ, ఒక్క నిమిషం” అన్నవాడు ఇంతవరకు లేడు. అంత ఎత్తున ఉంటే ఎవరంటారు? నాకిచ్చింది ప్లాస్టిక్ కుర్చీ, అదీ గుమ్మానికి ఎదురుగా.

కాబట్టి ఒక ఒప్పందానికి రండి. నెలనెలా మా గడువులు ఇవీ: 7న టీడీఎస్, 11న అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న 3బీ. ఈ తేదీలకి ముందు రెండ్రోజులు మాత్రం మా వీధి మలుపు తిరగకండి. 21న రండి, టీ నేనే తెప్పిస్తాను. ఆ సెంటు చివరికి ఎంతకి తెగిందో నింపాదిగా చెబుదురుగాని, మొన్న మరీ సగంలో ఆపేశారు.

ఇట్లు,
బిల్లుల మధ్యలో ఉన్న గుమాస్తా