వేదిక మీద వీరులు, ఫైలులో తాత్కాలికులు

2026 డిసెంబరు చివరికి భారత వైమానిక దళంలో తొలి విడత అగ్నివీరుల, అంటే అగ్నిపథ్ పథకం కింద చేర్చుకున్న కుర్రాళ్ల, నాలుగేళ్ల గడువు తీరిపోతోంది. 2022 అక్టోబరు 8న, వైమానిక దళ దినోత్సవం నాడు, చండీగఢ్‌లో నాటి దళాధిపతి వి.ఆర్. చౌదరి ఆ డిసెంబరులో 3 వేల మందిని అగ్నివీర్ వాయు కింద చేర్చుకుంటున్నామని ప్రకటించారు. ఆ ఏడాది చివరిలో శిక్షణకు వెళ్లిన ఆ పిల్లలు ఇప్పుడు యూనిఫాం వేసుకున్న చేతులతోనే క్యాలెండరు కాగితాలు లెక్కపెట్టుకుంటున్నారు. పథకం రాసిన నాటి నిబంధన ప్రకారం వారిలో నలుగురికి ఒక్కరికే దళంలో చోటుంటుంది. ఆ శాతాన్ని పెంచుతారన్న లీకులు రెండేళ్లుగా అడపాదడపా వస్తూనే ఉన్నాయి. లీకును నమ్ముకుని ఏ తండ్రీ కొడుకు భవిష్యత్తును నిర్ణయించుకోలేడు.

సైనికుడిని వేదిక మీద నిలబెట్టి వీరుడని కీర్తించిన ప్రభుత్వమే ఫైలు తెరిచేసరికి అతన్ని తాత్కాలిక ఖర్చుగా లెక్కగడుతోంది. నోటితో మెచ్చుకుని నొసటితో వెక్కిరించడమంటే ఇదే. అగ్నిపథ్‌లోని లోపాల గురించి ఈ పత్రిక ఇదివరకే రాసింది. ఈరోజు మళ్లీ రాయవలసి రావడానికి కారణం ఆ పథకం ఒక్కటే కాదు. ఈ రెండు నాలుకల ధోరణి ఒక పథకాన్ని దాటి వైమానిక దళ ఉద్యోగ జీవితమంతటికీ అంటుకుంటోంది.

ఆ ఉద్యోగంలో గర్వపడే ఘట్టాలకు కొదవ లేదు. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి వెళ్లారు. 41 ఏళ్ల తరువాత, 2025 జూన్‌లో, అదే దళానికి చెందిన గ్రూప్ కెప్టెన్ శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టారు. ఏటా రెండుసార్లు దుండిగల్‌లోని ఎయిర్ ఫోర్స్ అకాడమీలో పెరేడ్ జరిగే రోజున, కొడుకు ఛాతీ మీద రెక్కల బ్యాడ్జి చూసి కళ్లు తుడుచుకునే తల్లిదండ్రుల ఫొటోలను మేమూ మొదటి పేజీలో అచ్చు వేస్తూనే ఉన్నాం. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన నాలుగు రోజులూ ఆ దళంలో పనిచేసిన ప్రతి ఒక్కరికీ జీవితాంతం చెప్పుకునే జ్ఞాపకాలే. ఇవన్నీ నిజాలు. భర్తీ ప్రకటనల నిండా, గణతంత్ర దినోత్సవ శకటాల మీద కనిపించేవీ ఇవే.

అయితే ఉద్యోగ సంతృప్తి ఘట్టాలతో రాదు. ఘట్టానికీ ఘట్టానికీ నడుమ ఉండే వేలాది మామూలు రోజులతో వస్తుంది. ఆ మామూలు రోజులను మోసేది ఎక్కువగా ఎయిర్‌మెన్, అంటే దళంలో అధికారుల కింద పనిచేసే సిబ్బంది. యుద్ధ విమానం ఎక్కే ముందు పైలట్ ఒక పుస్తకంలో సంతకం చేస్తాడు. దాన్ని దళంలో ఎఫ్-700 అంటారు. ఇంజిన్, విద్యుత్తు వ్యవస్థ, ఆయుధాలు, టైర్లు, ఇంధనం, ఇలా ఒక్కో భాగాన్నీ చూసిన సాంకేతిక సిబ్బంది అప్పటికే అందులో సంతకాలు పెట్టి ఉంటారు. ఆ సంతకాలను నమ్మి పైలట్ తన ప్రాణాన్ని ఆ సీటుకు కట్టుకుంటాడు. ఆ కార్పొరల్‌కో సార్జెంట్‌కో పతకం రాదు, పత్రికలో ఫొటో పడదు. తాను సంతకం పెట్టిన విమానం తిరిగొచ్చి రన్‌వే మీద చక్రాలు ఆనించిన క్షణమే అతనికి దక్కే పురస్కారం. చాలామంది ఇరవయ్యేళ్ల ఉద్యోగాన్ని ఆ క్షణం కోసమే నెట్టుకొచ్చారంటే అతిశయోక్తి కాదు.

ఆ ఇరవయ్యేళ్లు అన్న మాటే ఇప్పుడు నాలుగేళ్లకు కుదించుకుపోయింది. పాత పద్ధతిలో ఎయిర్‌మన్‌కు తొలి ఒప్పందమే 20 ఏళ్లకు ఉండేది, ఆ పైన పొడిగింపులూ ఉండేవి. కార్పొరల్ సార్జెంట్ అయ్యేవాడు, సార్జెంట్ జూనియర్ వారెంట్ ఆఫీసర్ అయ్యేవాడు, కొందరు మాస్టర్ వారెంట్ ఆఫీసర్ వరకు వెళ్లేవారు. చేతికి పని అలవాటు కావడానికి, చప్పుడు విని ఇంజిన్ జబ్బు పసిగట్టడానికి ఆ నిచ్చెనే బడి. జాగ్వార్ యుద్ధ విమానాలు 1979 నుంచి, ఏఎన్-32 రవాణా విమానాలు 1984 నుంచి ఎగురుతున్న దళం ఇది. 2025 ఒక్క ఏడాదిలోనే మార్చిలో, ఏప్రిల్‌లో, జులైలో మూడు జాగ్వార్లు కూలాయి. ఏ ప్రమాదానికి ఏది కారణమో విచారణలు తేల్చాలి, మేం తేల్చబోము. కానీ పాత విమానానికి పాత చెయ్యి కావాలన్నది ఏ మెకానిక్‌ను అడిగినా చెప్పే మాట. మన ఊరి లారీ షెడ్డులో కూడా నాలుగేళ్లు పని నేర్చినవాడిని సరిగ్గా పని వచ్చే వేళకు పంపించేయరు.

ఇక్కడే ఆ రెండు నాలుకలు మరీ స్పష్టంగా బయటపడతాయి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు ఘనంగా వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చిన ఆ విమానాన్ని 62 ఏళ్ల పాటు ఆధునికీకరించి, ఆయుష్షు పొడిగించి, మళ్లీ పొడిగించి వాడుకున్నాం. మిగ్ రకాల విమానాలు 872 ఉండగా వాటిలో 482 ప్రమాదాల్లో ధ్వంసమయ్యాయని, 171 మంది పైలట్లు మరణించారని 2012లో నాటి రక్షణ మంత్రి ఎ.కె. ఆంటోనీ పార్లమెంటుకు చెప్పిన తరువాత కూడా పదమూడేళ్లు వాడుకున్నాం. మంజూరైన 42 యుద్ధ విమాన స్క్వాడ్రన్లకు గాను ఆ వీడ్కోలు తరువాత మిగిలినవి 29. లోటు తీర్చాల్సిన తేజస్ మార్క్-1ఏ విమానాల రాక 2024 మార్చి నాటికే మొదలు కావలసి ఉండగా, ఇంజిన్ల జాప్యంతో వాయిదా మీద వాయిదా పడింది. అంటే విమానాలు ఆలస్యమైతే ఓపిక పడతాం, గుత్తేదారు ఆలస్యం చేస్తే సర్దుకుపోతాం, యంత్రానికి ఆరు దశాబ్దాల కొలువు ఇస్తాం. ఆ యంత్రాన్ని ఎగిరే స్థితిలో ఉంచే ఇరవై మూడేళ్ల కుర్రాడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం మన క్రమశిక్షణ, పొదుపు, గడువు అన్నీ గుర్తొస్తాయి.

ఒకే హ్యాంగర్‌లో ఒకే స్పానర్ పట్టుకున్న ఇద్దరిని చూడండి. పాత పద్ధతిలో చేరిన ఎయిర్‌మన్‌కు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, ఆ పైన 30 రోజుల సాధారణ సెలవు ఉంటాయి. అగ్నివీరుడికి మొత్తం 30 రోజులే. ఒకరికి పింఛను, మాజీ సైనికోద్యోగి హోదా, ఆ హోదాతో వచ్చే ఉద్యోగ రిజర్వేషన్, కుటుంబానికి వైద్యం ఉంటాయి. నాలుగేళ్లకే బయటికి వెళ్లే రెండోవాడికి అవేవీ లేవు. నాలుగేళ్లూ పెళ్లి చేసుకోనని రాసిచ్చి మరీ చేరాడు. అతని మొదటి ఏడాది జీతం నెలకు 30 వేల రూపాయలు, చేతికి వచ్చేది 21 వేలు. నాలుగో ఏడాది జీతం 40 వేలు, చేతికి వచ్చేది 28 వేలు. నెలనెలా కోసిన ఆ 30 శాతమే, అంతే మొత్తం ప్రభుత్వం కలిపాక, చివర్లో సేవానిధిగా తిరిగొస్తుంది. 10.04 లక్షల రూపాయల ప్యాకేజీ అని ప్రకటనల్లో రాసిన సొమ్ములో సగం అతని సొంత జీతమే. తన డబ్బునే తనకు బహుమానంగా ఇస్తున్నారని గ్రహించిన యువకుడికి ఉద్యోగ సంతృప్తి గురించి ఉపన్యాసం ఇవ్వడానికి చాలా ధైర్యం కావాలి.

సైన్యం సగటు వయసు తగ్గాలని, 2025-26 రక్షణ బడ్జెట్ 6.81 లక్షల కోట్లలో పింఛన్లకే 1.60 లక్షల కోట్లు పోతున్నాయని, పోయిన సొమ్ముతో కొత్త ఆయుధాలు కొనలేమని పథకం సమర్థకులు అంటున్నారు. ఆ వాదనలో వాస్తవం లేకపోలేదు. అయితే ఆ పొదుపు భారాన్ని దళంలో అందరికంటే కింది మెట్టు మీద ఉన్నవాడి భుజాన మాత్రమే ఎందుకు మోపారన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. ఇంకో సమర్థన కూడా తరచూ వినిపిస్తుంది. 2022లో వైమానిక దళానికి 7,49,899 దరఖాస్తులు వచ్చాయని, అంతకుముందున్న గరిష్ఠం 6,31,528 మాత్రమేనని, యువత పథకాన్ని మెచ్చుకున్నదనడానికి ఇదే రుజువని చెబుతారు. నిరుద్యోగం రాజ్యమేలుతున్న దేశంలో క్యూ పొడవును చూపి ఉద్యోగం బాగుందనడం, కరువులో గంజి కేంద్రం ముందు జనాన్ని చూపి వంట అమోఘమనడం వంటిది.

ఇది కింది ఉద్యోగులకే పరిమితమనుకుంటే పొరపాటు. 2025 మే 7 ఉదయం ఆపరేషన్ సిందూర్ గురించి దేశానికి వివరించడానికి ప్రభుత్వం ఎంచుకున్నవారిలో వైమానిక దళ వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ ఒకరు. మహిళా శక్తికి ఇంతకంటే నిదర్శనమేమిటని మంత్రులు మురిసిపోయారు. సరిగ్గా పదిహేను రోజులకు, మే 22న, అదే హోదాలో ఉన్న మరో మహిళా అధికారిని సర్వీసు నుంచి పంపించకుండా సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. ఆమె బాలాకోట్, సిందూర్ ఆపరేషన్లు రెండింటిలోనూ పాల్గొన్నారు. పదమూడేళ్లకు పైగా షార్ట్ సర్వీస్ కమిషన్‌లో, అంటే నిర్ణీత కాలపు అధికారిగా, పనిచేశాక రిటైరయ్యే దాకా కొనసాగనిచ్చే శాశ్వత కమిషన్ దక్కకపోవడంతో కోర్టు గడప తొక్కారు. ఈ పోరాటమూ కొత్తది కాదు. వైమానిక దళంలో షార్ట్ సర్వీస్ చేసి బయటికి వచ్చిన 32 మంది మహిళా అధికారులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగితే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు వారికి పింఛను ప్రయోజనాలు ఇప్పించింది. పొగడ్తలు ప్రభుత్వం ఇస్తుంది, హక్కులు కోర్టు ఇవ్వాలి! ఈ పని విభజన ఎవరు చేశారో మాకు తెలియదు.

వైకల్య పింఛను సంగతి అంతకంటే హీనం. కొలువులో చేరినప్పుడు ఆరోగ్యంగా ఉన్న సైనికుడికి సర్వీసులో జబ్బు చేస్తే, అది ఉద్యోగం వల్ల రాలేదని నిరూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2013లోనే ధరమ్‌వీర్ సింగ్ కేసులో తేల్చింది. సైనికుల మీద అనవసర అప్పీళ్లు తగ్గించడానికి 2015లో నాటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ నిపుణుల సంఘాన్నీ వేశారు. అయినా సాయుధ దళాల ట్రిబ్యునల్ పింఛను ఇమ్మంటే హైకోర్టుకు, హైకోర్టు ఇమ్మంటే సుప్రీంకోర్టుకు వెళ్లడం రక్షణ శాఖకు అలవాటైపోయింది. 2025 జులైలో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి దాదాపు 300 పిటిషన్లను ఒక్క తీర్పుతో కొట్టివేసింది. మూడు వందల కేసుల వెనుక మూడు వందల ఇళ్లున్నాయి, ప్రతి ఇంట్లో ఒక మనిషి తన సర్వీసు పుస్తకాన్ని, మెడికల్ బోర్డు కాగితాలను సంచిలో పెట్టుకుని వకీలు దగ్గరకు తిరుగుతున్నాడు. ఆ వకీళ్లకు ఎదురు నిలబడ్డ ప్రభుత్వ వకీళ్ల ఫీజు చెల్లించేది కూడా అదే ఖజానా. పింఛనుకు సొమ్ము లేదని చెప్పే ఖజానాకు ఈ వ్యాజ్యాలకు మాత్రం సొమ్ము ఎలా దొరుకుతోందో రక్షణ శాఖ ఒక్కసారి పార్లమెంటుకు చెబితే బాగుంటుంది.

ఈ మూడింటినీ వేర్వేరు వివాదాలుగా చూపించడం అధికారులకు సౌకర్యం. అగ్నివీరుడు వేరు, మహిళా అధికారి వేరు, రోగంతో రిటైరైన సార్జెంట్ వేరు అంటారు. మాకు కనిపించే సూత్రం ఒక్కటే: దేశానికి అవసరం ఉన్నంతసేపు వీరుడు, అవసరం తీరాక బరువు. ఏరు దాటాక తెప్ప తగలేసే ఈ నీతి ఒకసారి ఆనవాయితీగా స్థిరపడితే దాన్ని ఏ ప్రభుత్వమూ వదులుకోదు. ఈరోజు ఎయిర్‌మన్‌కు నాలుగేళ్లయితే రేపు అధికారికి ఎన్నేళ్లో ఎవరు చెప్పగలరు?

తెలుగు నేలకు ఈ దళంతో ఉన్న బంధం కేవలం దూరపు అభిమానం కాదు. దుండిగల్, హకీంపేట, బేగంపేట, సూర్యలంక అన్నీ మన మధ్యే ఉన్నాయి. 2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర శిక్షణ విమానం కూలి శిక్షకుడూ శిక్షణార్థీ ఇద్దరూ మరణించినప్పుడు అక్కడికి పరిగెత్తింది ఆ ఊరివాళ్లే. అగ్నిపథ్ ప్రకటించిన మూడు రోజులకే, 2022 జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో రైళ్లు తగలబడి, పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంత యువకుడొకరు చనిపోయారు. ఆ విధ్వంసాన్ని మేం ఆనాడూ సమర్థించలేదు, ఈనాడూ సమర్థించడం లేదు. 2025 మేలో నియంత్రణ రేఖ వద్ద సత్యసాయి జిల్లా గోరంట్ల మండలానికి చెందిన ఆర్మీ అగ్నివీరుడు అమరుడైతే నాయకులు వరుస కట్టి ఆ తండాకు వెళ్లారు, నివాళులర్పించారు. సాధారణ సైనికుడి కుటుంబానికి వచ్చే పింఛనే తమకూ ఇవ్వాలని అతని తల్లి బాంబే హైకోర్టును ఆశ్రయించినప్పుడు ఆ వరుసలోని వారిలో ఎందరి గొంతు లేచింది? రెండు రాష్ట్రాల నుంచి కలిపి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. నిలదీయడానికి అంతమంది అక్కర్లేదు, ఇద్దరు చాలు.

రక్షణ శాఖ చేయవలసిన పనులకు కొత్త కమిటీ ఏదీ అవసరం లేదు. తొలి విడతలో ఎంతమందిని ఉంచుకుంటారో, ఏ కొలమానంతో ఎంచుకుంటారో గడువుకు ముందే లిఖితపూర్వకంగా ప్రకటించాలి. సాంకేతిక విభాగాల్లో నాలుగేళ్ల నిబంధనను ఎత్తివేయాలి. విధి నిర్వహణలో మరణించిన అగ్నివీరుడి కుటుంబానికీ, సాధారణ సైనికుడి కుటుంబానికీ తేడా చూపడం మానుకోవాలి. ట్రిబ్యునల్ ఇచ్చిన వైకల్య పింఛను మీద అప్పీలుకు వెళ్లే ముందు ఆ ఫైలు మీద మంత్రి స్వయంగా సంతకం చేయాలి. ఎయిర్‌మన్ ప్రతి ఉదయం ఎఫ్-700 మీద పెట్టే సంతకంలో ఉన్న బాధ్యత ఎంతటిదో అప్పుడైనా తెలుస్తుంది.

మరో డిసెంబరు వస్తోంది, దుండిగల్‌లో మరో పెరేడ్ జరుగుతుంది. ఈసారి వందనం స్వీకరించడానికి వచ్చే ప్రముఖులు వీర జవాన్ల త్యాగాల మీద రాసిచ్చిన ఉపన్యాసాన్ని ఢిల్లీలోనే వదిలి రావాలి. దానికి బదులు, ఆ మైదానానికి అవతల హ్యాంగర్‌లో నూనె మరకల చేతులతో నిలబడ్డ కుర్రాడికి జనవరి ఒకటిన డ్యూటీ ఉందో లేదో రాసిన ఒక్క కాగితం తెస్తే చాలు. అది తేలేకపోతే ఈసారికి చప్పట్లు కొట్టడం మానెయ్యండి.