సేఫ్టీ బెల్టు కొక్కెం గారికి ఒక ప్లాస్టరింగ్ మేస్త్రీ రాయునది

మహారాజశ్రీ కొక్కెం గారికి, నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం కలిపిన సిమెంటు మాల్ తట్టల్లోనే వదిలేసి తమరి పరిచయ కార్యక్రమానికి వచ్చాం. తిరిగి వెళ్లేసరికి అది గట్టిపడింది. ఆ నష్టం ఎవరి కూలీలో కోస్తారో తమరికి నేను చెప్పాలా? మేం నలభై మందిమి, బెల్టులు ఆరు. వేసుకోవడం, ఫొటో దిగడం, విప్పి పక్కవాడికి ఇవ్వడం. అరువు తెచ్చుకున్న పెళ్లి సూటు కూడా ఇన్ని ఒళ్లు మారదు.

ట్రైనింగ్ సారు మంచివాడే. నడుముకు మాత్రమే కట్టే బెల్టు వద్దు, పడ్డప్పుడు వెన్ను విరుగుతుంది, భుజాలకూ తొడలకూ పట్టీలుండాలి అన్నాడు. తమరిని తలకంటే పైన తగిలించాలట. పరంజా కర్రకు వద్దట, కిటికీ చువ్వకు వద్దట, గట్టిగా కట్టిన లైఫ్‌లైన్ తాడుకే పెట్టాలట. అన్నీ న్యాయమైన మాటలే. అందుకే చెయ్యెత్తి అడిగాను.

"సార్, గా తాడు ఏడుంది?"

సారు ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ నా వైపు చూశాడు, తాడు నేనే దాచినట్టు. "ఆర్డర్ పెట్టినం తియ్" అన్నాడు. తర్వాత మిక్చర్ పొట్లాలు పంచారు.

ఈ పొద్దున తమరిని తొడుక్కుని ఐదో అంతస్తు బయటి గోడకు ఎక్కాను. తగిలించడానికి పైన ఆకాశం, పక్కన పరంజాకు కట్టిన సరుగుడు కర్రలు. రోజంతా తమరు నా వెనకాల వేలాడుతూ కర్రలకు టంగుమని కొట్టుకుంటూనే ఉన్నారు. నేను పడితే తమరూ నాతోనే పడతారు. తోడు ఉంటారు, అంతే.

కింద నుంచి సూపర్‌వైజర్ "బెల్టు ఏసుకున్నవా?" అని మూడుసార్లు అరిచాడు. "దేనికి తగిలిచ్చినవ్?" అని ఒక్కసారీ అడగలేదు. ఎందుకు అడుగుతాడు? రిజిస్టర్‌లో నా సంతకం ఉంది. రేపు నేను జారితే ఆ కాగితమే ముందుకొస్తుంది: 'శిక్షణ ఇచ్చాం, బెల్టు ఇచ్చాం, మేస్త్రీయే తగిలించుకోలేదు.' ఒక్క పూట ట్రైనింగ్‌తో తప్పంతా నా మెడకు తగిలింది. నీకు దొరికిన గట్టి ఆధారం ఆ మెడ ఒక్కటే కదరా కొక్కెం!

సాగర్ డ్యాంకు రాయి మోసినప్పుడు మా తాతకు తలపాగా ఒక్కటే ఉండేది. ఆయన్ని మోసం చేయడానికైనా ఎవరూ కొక్కెం ఇవ్వలేదు.

ఇక గేటు ముందు బోర్డు సంగతి. 'హరిత నివాసాలు' అట. ప్రతి ఫ్లాటుకూ ఎదురెదురు కిటికీలు, ఏసీ లేకున్నా గాలి ఆడుతుందట. ఆ కిటికీల అంచులు తీర్చేది నేనే. సాయంత్రం దిగి పడుకునేది కిటికీ లేని రేకుల షెడ్డులో, ఆరుగురం. పాలమూరు ఎండకు రాత్రి పదింటికి కూడా రేకు చల్లబడదు. వాన నీటి గుంతలు తవ్వింది మేం, తాగడానికి ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టేదీ మేమే. కట్టడం సాగినన్నాళ్లూ కూలీలకు ఉచితంగా వసతి ఇవ్వాలి, వంటకు, స్నానానికి వేరే చోటు ఉండాలి అని 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్‌లో రాశారు. మా షెడ్డులో పొయ్యికీ చాపకూ మధ్య దూరం జానెడు. మా సంక్షేమం పేరుతో కట్టడం ఖర్చు మీద వసూలు చేసే లేబర్ సెస్సు ఒక శాతం గురించి ఇప్పుడు ఎత్తను, మళ్లీ బీపీ పెరుగుతుంది.

సాయంత్రం స్టోర్ తాళం వేసి ఉంది, రేపు ఇవ్వమన్నారు. నిన్ను షెడ్డుకే తెచ్చాను. ఇక్కడ ఎలుకలు ఎక్కువ, మేకుకు వేలాడదీస్తే బియ్యం సంచిని రెండుసార్లు కింద పడేశాయి. రేకు కింది ఇనుప పట్టీకి నిన్ను తగిలించి, నీకు సంచి కట్టాను. తలకంటే పైన, సారు చెప్పినట్టే. టక్కుమని పట్టుకున్నావు.

ఇది రాసేసరికి రాత్రి పదకొండు. సంచి ఊగుతోంది కానీ పడలేదు.

ఇట్లు,
ఐదో అంతస్తు, బయటి గోడ