అర్జీ రాయని ఇంజనీర్లు

2024 సెప్టెంబరు మొదటి వారాన్ని విజయవాడ అంత తేలిగ్గా మరచిపోదు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. బ్యారేజీ కట్టాక అంత నీటిని ఎన్నడూ చూడలేదు. ఎగువ నుంచి కొట్టుకువచ్చిన పడవలు గేట్ల దగ్గర ఇరుక్కుని, గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను, అంటే కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి సింగ్‌నగర్ నీట మునిగింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో, వరద ఇంకా పారుతుండగానే, రోజుల వ్యవధిలో కొత్త కౌంటర్ వెయిట్లు అమర్చారు. అంతకు కొద్ది వారాల ముందు తుంగభద్ర జలాశయంలో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ప్రవాహానికి అడ్డుగా స్టాప్‌లాగ్‌లనే ఉక్కు పలకలు దింపించినదీ ఆయనే. జనం ఆయనను గుర్తించారు, గౌరవించారు. అది న్యాయం.

మరి ఆ రాత్రులు కట్ట మీద తడుస్తూ నిలబడిన ఏఈలు, డీఈలు, అంటే అసిస్టెంట్, డిప్యూటీ ఇంజనీర్లు ఎవరు? గండి పూడ్చడానికి ఏ వరస రాయి ముందు వేయాలో, ఎక్కడ వేస్తే నిలుస్తుందో చూసుకున్నది ఎవరు? వారి పేర్లు ఊరికి తెలియకపోవడంలో వింత లేదు. సాటి ఇంజనీర్ల సంఘానికైనా తెలియాలి కదా అన్నదే మా ప్రశ్న.

ఏటా సెప్టెంబరు 15న విజయవాడలోనూ గుంటూరులోనూ ఇంజనీర్ల దినోత్సవం జరుగుతుంది. విశ్వేశ్వరయ్య చిత్రపటానికి దండ వేస్తారు. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదుకు ఆయన వేసిచ్చిన ప్రణాళిక గురించి, ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన గేట్ల గురించి ఉపన్యాసాలు సాగుతాయి. ఆపైన సన్మానాలు. వేదిక మీద శాలువా కప్పించుకునేవారిలో ఎక్కువమంది అప్పటికే పదవి వల్ల అందరికీ తెలిసినవారు. వారి గౌరవాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ వెనుక వరుసలో కూర్చున్న సబ్ డివిజన్ ఇంజనీరు ముప్పై ఏళ్లుగా అదే వరుసలో కూర్చుంటున్నాడు. సభ్యత్వం తీసుకున్న నాడు ఏ మెట్టు మీద ఉన్నాడో ఇవాళా అక్కడే ఉన్నాడు.

ఈ మెట్ల సంగతి ఇంజనీర్లు కానివారికి కాస్త చెప్పాలి. 1920లో మద్రాసులో మొదలై, 1935లో బ్రిటిష్ రాజు అధికార పత్రం, అంటే రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్‌లో అసోసియేట్ మెంబర్, మెంబర్, ఫెలో అనే అంచెలున్నాయి. విద్యుత్, ఎలక్ట్రానిక్స్ రంగాలవారికి ప్రపంచవ్యాప్త సంస్థ అయిన ఐ ట్రిపుల్ ఈలో మెంబర్ పైన సీనియర్ మెంబర్, ఆ పైన ఫెలో. సీనియర్ మెంబర్ కావాలంటే వృత్తిలో పదేళ్లు గడవాలి, అందులో కనీసం అయిదేళ్లు చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి, ఇప్పటికే ఆ మెట్టు మీద ఉన్న ముగ్గురు సిఫార్సు చేయాలి. చదువుకున్న డిగ్రీలకూ పదేళ్లలో కొన్నేళ్లు కలిపి లెక్కిస్తారు. అక్కడ ఫెలో గౌరవానికి ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకునే వీలు లేదు. ఇంకొకరు ప్రతిపాదించాలి. ఏడాదికి ఓటు హక్కున్న సభ్యుల్లో వెయ్యికి ఒకరిని మించి ఇవ్వరు.

పేరు చివర నాలుగు అక్షరాల కోసం ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారు ఉంటారు. ఎందుకంటే, మన దేశంలో వైద్యుడికి కౌన్సిల్ ఉంది, న్యాయవాదికి బార్ కౌన్సిల్ ఉంది, ఆర్కిటెక్టుకు 1972 చట్టం ఉంది. ఇంజనీరుకు దేశమంతటికీ వర్తించే అటువంటి చట్టం ఏదీ లేదు. ఫలానా ఇంజనీరు మాట మీద ఒక కట్టడాన్ని నమ్మవచ్చని సాటి ఇంజనీర్లు పరిశీలించి చెప్పే చోటు వృత్తి సంఘం ఒక్కటే. ప్రభుత్వ శాఖలో ప్రమోషన్ సీనియారిటీ జాబితా ప్రకారం వస్తుంది. పనికి విలువ కట్టే పని సంఘానిది. ఆ పని సరిగా జరగకపోతే చిన్నబోయేది ఒక్క ఇంజనీరే కాదు, ఆయన కట్టిన వంతెన మీద బండి నడిపే మనమంతా.

చిక్కు ఎక్కడుందంటే, ఈ మెట్లలో చాలావాటిని ఎక్కడానికి ఎవరికి వారే అర్జీ పెట్టుకోవాలి. అర్హత ఉన్నవారిలో చాలామంది పెట్టుకోరు. పనుల కొలతలు నమోదు చేసే ఎం-బుక్కులో కొలతలు తడబాటు లేకుండా రాసే చేయి, తన గురించి నాలుగు వాక్యాలు రాయమంటే ఆగిపోతుంది. ‘చేసిన ముఖ్యమైన పని’ అన్న గడి దగ్గరకు వచ్చేసరికి, ‘నేనేం చేశాను, డ్యూటీ చేశాను’ అనుకుని కాగితం మడిచి సొరుగులో పెడతారు. అదే మనిషిని కాలువ గట్టు మీదకు తీసుకెళ్లి అడగండి. ఈ తూము షట్టరు ఏ సంవత్సరం ఎందుకు మార్చాల్సి వచ్చిందో, చివరి ఎకరానికి నీరు అందకపోతే కాలువ నీటిని చూసుకునే లస్కరును వెంటబెట్టుకుని ఎన్ని మైళ్లు నడిచారో, ఏ మలుపు దగ్గర పూడిక తీస్తే నీరు పరుగెత్తిందో గంటసేపు చెబుతారు. ఆ గంట మాటలే దరఖాస్తుకు కావలసిన సరుకు. దాన్ని కాగితం మీద పెట్టే మనిషి పక్కన లేడు, అంతే.

కళాశాలల అధ్యాపకులకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. గుర్తింపు సంస్థల తనిఖీల్లో వృత్తి సంఘాల సభ్యత్వాల ప్రస్తావన వస్తుంది కాబట్టి యాజమాన్యాలే ప్రోత్సహిస్తాయి. పక్క గదిలోనే సిఫార్సు చేయగల ప్రొఫెసరు ఉంటారు. పరిశోధన పత్రాల జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అధ్యాపకులు పైకి రావడం మాకు సంతోషమే. అయితే తెనాలి కాలువల మీద, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో, రైల్వే లోకోషెడ్డులో, ఆటోనగర్ వర్క్‌షాపుల్లో ఉన్న ఇంజనీరుకు పత్రాల జాబితా ఉండదు. ఆగకుండా నడుస్తున్న యంత్రం ఉంటుంది. దాన్ని పత్రంతో సమానంగా తూచే తక్కెడ సంఘం దగ్గర ఉండాలి.

డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవారి గోడు ఇంకా పెద్దది. ఒకప్పుడు వారికి, కళాశాలకు వెళ్లకుండానే డిగ్రీతో సమానమైన అర్హత పొందేందుకు ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నిర్వహించే ఏఎంఐఈ పరీక్షలు ఉండేవి. పగలంతా సైటు మీద పనిచేసి, రాత్రి లాంతరు వెలుగులోనో వీధి చివరి గ్రంథాలయంలోనో సెక్షన్ ఏ, సెక్షన్ బీ పుస్తకాలు ముందు వేసుకుని, ఒక్కో పేపరు గట్టెక్కి ఇంజనీరు అనిపించుకున్నవారు ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రతి శాఖలోనూ కనిపించేవారు. 2013 మే 31 తరువాత చేరినవారికి ఆ పరీక్షను డిగ్రీతో సమానంగా చూడటం ఆగిపోయింది. ఆ నిర్ణయానికి కారణాలు ఉండవచ్చు. కానీ ఒక తలుపు మూసుకున్నప్పుడు, పని నేర్చిన మనిషిని గుర్తించే మరో తలుపును సంఘాలు ఇంకాస్త వెడల్పుగా తెరవవలసింది. అది జరగలేదని చెప్పడానికి మేము వెనుకాడం.

మహిళా ఇంజనీర్ల గురించీ ఒక మాట. కౌన్సెలింగ్‌లో సివిల్, ఎలక్ట్రికల్ సీట్లు తీసుకుని, ఉద్యోగాల్లో చేరి, సబ్‌స్టేషన్లలోనూ రోడ్ల పనుల మీదా బాధ్యతలు మోస్తున్నవారు ఇవాళ ఎందరో. సాయంత్రం ఏడు గంటలకు మొదలై పదింటికి ముగిసే సమావేశాలకు వారు రాలేకపోతే, పరిచయాలు లేవు. పరిచయాలు లేకపోతే సిఫార్సు సంతకం లేదు. సమావేశాన్ని ఆదివారం ఉదయానికి మార్చడానికి ఏ చార్టరూ అడ్డు రాదు.

స్థానిక కేంద్రాల పెద్దలను మేము కోరేది ఇది. ఫెలోలు, సీనియర్ సభ్యులు ఒక్కొక్కరు ఏడాదికి ఇద్దరిని వెతికి పట్టుకోవాలి. తమ కింద పనిచేసినవారినో, తమ ఊరివారినో, తమవారినో కాదు. పని చూసి, ఆ పని జరిగిన చోటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని దరఖాస్తు రాయించాలి. సిఫార్సు లేఖల తీరు కూడా మారాలి. ‘ఈయన నాకు చాలా ఏళ్లుగా తెలుసు, కష్టపడే స్వభావం కలవారు’ అన్న లేఖ ఎవరి గురించైనా రాయవచ్చు. ‘ఫలానా ఎత్తిపోతల పథకంలో మోటార్లు తరచూ కాలిపోతుంటే, ఓల్టేజీ హెచ్చుతగ్గులే కారణమని పట్టుకుని, ఆ వేసవిలోనే సరిచేశారు’ అని రాయాలంటే రాసేవారికి ఆ పని తెలిసి ఉండాలి. తెలియనప్పుడు సంతకం పెట్టకూడదు.

ఇదంతా అర్హతను పలుచన చేయడానికి చెబుతున్నది కాదు. మెట్టుకు విలువ దాని ఎత్తులోనే ఉంది. సభ్యత్వ లక్ష్యాలు పూర్తి చేయడానికి అడిగినవారందరికీ హోదాలు పంచితే నిజంగా సంపాదించుకున్నవాడికి మిగిలేది ఏమీ ఉండదు. రుసుము కట్టించుకుని ‘ఉత్తమ ఇంజనీర్’ బిరుదులు ఇచ్చేవారి నుంచి ఫోన్లు వస్తున్నాయని కొందరు ఇంజనీర్లు మాతో వాపోయారు. అసలైన సంఘం గడప దాటి వెళ్లని చోటికి అటువంటివారు వెళతారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఆ తేడా చెప్పవలసిన బాధ్యత కూడా పెద్దలదే.

ఈ నేలకు ఇంజనీర్లను గౌరవించడం కొత్త కాదు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా రైతు ఇంజనీరు పేరును ఇంట్లో మనిషి పేరులా చెప్పుకుంటున్నాడు. కంకిపాడులో పుట్టిన నీటిపారుదల ఇంజనీరు కె.ఎల్. రావును విజయవాడ మూడుసార్లు లోక్‌సభకు పంపింది. విజయవాడ థర్మల్ కేంద్రానికి ఒక విద్యుత్ ఇంజనీరు, నార్ల తాతారావు పేరు పెట్టుకున్నాం. జనం వైపు నుంచి లోటు లేదు.

వచ్చే ఇంజనీర్ల దినోత్సవ వేదిక మీద శాలువాతోపాటు, ఆ ఇంజనీరు చేసిన పనిని నాలుగు నిమిషాలు చదివి వినిపించండి. గేటు నంబరుతో, కాలువ పేరుతో, సంవత్సరంతో సహా. వెనుక వరుసలో కూర్చున్నవారిలో ఒకరినైనా ఈసారి ముందుకు పిలవండి. దరఖాస్తుల పరిశీలనకు నెలలు పడతాయి గనుక జలవనరులు, విద్యుత్, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్ డివిజన్ కార్యాలయాలకు సంఘం లేఖలు ఇప్పుడే బయలుదేరాలి. బుడమేరు గట్టు మీద ఆ వారం పనిచేసినవారి హాజరు పట్టీలు ఇంకా ఆ కార్యాలయాల్లోనే ఉంటాయి.