సర్వం 'యొక్క' మయం

'డు, ము, వు, లు ప్రథమా విభక్తి' అని మనందరం బళ్లో వల్లించినవాళ్లమే. ఇంగ్లీషు చట్టాల పదాలకు తెలుగు అర్థాలిచ్చే న్యాయ నిఘంటువులు రాసే మహానుభావులు మాత్రం మిగతా విభక్తులన్నీ మరిచి 'యొక్క' ఉండే షష్ఠి దగ్గర ఇల్లు కట్టుకున్నారు. ఇంగ్లీషులో ఇన్, ఆన్, బై, ఎగైనెస్ట్ ఏది ఎదురైనా ఒక 'యొక్క' తగిలించి చేతులు దులుపుకుంటారు.

అబిడ్స్ చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను ఎవడో నెట్టేశాడనుకోండి. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగిని అడ్డుకోవడానికి దాడి చేస్తే అది భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద నేరం. మనవాళ్ల ధోరణిలో రాస్తే 'కానిస్టేబుల్ యొక్క దాడి'. ఇంకేముంది, దెబ్బలు తిన్నాయన బోనెక్కాడు. కొట్టినవాడు కోర్టు బయట ఇరానీ చాయ్ తాగుతూ "దాడి మీదేనని కాయితంలోనే ఉంది కద సార్, నన్నేం చేయమంటారు?" అని ఓదారుస్తున్నాడు. ఎవరు ఎవరిని కొట్టారయ్యా అని జడ్జిగారు అడిగితే గుమాస్తా నిఘంటువు తిరగేసి, "దాడి యొక్క బాధితుని యొక్క..." దగ్గర ఊపిరాడక ఆగిపోయాడు.

నిర్వచనంలో నామవాచకం చెప్పేది తక్కువ, దాని పక్కనున్న విభక్తులు చెప్పేది ఎక్కువ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో అమ్మకం, తాకట్టు, లీజు మూడూ 'బదిలీ'లే. 54వ సెక్షన్‌లో ధరకు బదులుగా యాజమాన్యం పోతుంది. 58లో అప్పుకు హామీ కోసం ఆస్తిలో కొంత హక్కు పోతుంది. 105లో అనుభవించే హక్కు మాత్రమే పోతుంది. కాబట్టి ఎవరి చేత, ఎవరికి, దేనిలో, దేనికోసం అని నాలుగూ విడదీసి చదవాలి. ఒక్కటి కలిసిపోయినా అద్దెకున్నవాడు ఓనరైపోతాడు.

అదే 54వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది: అమ్మకపు అగ్రిమెంటు దానంతటది ఆస్తిలో హక్కునూ ఇవ్వదు, ఆస్తి మీద భారాన్నీ వేయదు. 'లో' లేదు, 'మీద' లేదు! పెళ్లాం మెడలో బంగారం అమ్మి ప్రీలాంచ్‌లో, అంటే ప్రాజెక్టు మొదలవకముందే, డబ్బు పోసినవాడి చేతికి మాత్రం 'ఫ్లాటు యొక్క హక్కు' అని రాసిన కాయితం వస్తుంది. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి పుచ్చుకోకూడదని 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) 13వ సెక్షన్ మొత్తుకుంటున్నా, మొత్తం గుంజేసి మరీ ఇస్తారు ఆ కాయితం. సిగ్గుండాలి రాసినవాడికి! డబ్బు పోసినవాడికున్నది ఫ్లాటులో హక్కు కాదు, బిల్డర్ మీద దావా. రిజిస్ట్రేషన్ చేయమని వేసే ఆ దావాకైనా, అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ రోజు నుంచి, లేకపోతే బిల్డర్ కుదరదన్న సంగతి తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లే గడువు.